అరవైనాలుగు గడుల లెక్క

పాఠ్యభాగ సందర్భం

తెలుగులో శాస్త్ర విషయాలను పద్యాలలో చెప్పే సంప్రదాయం చాలా పాతది. ఒకే ఒక పెద్ద సంఖ్యను ఆధారం చేసుకొని, ఆ సంఖ్య పద్యంలోకి ఎలా వచ్చిందో, గణితంలో దాని స్వభావం ఏమిటో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రచించాడు. దానిని పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథాలలో అది ఒకటి. మల్లన పదకొండో శతాబ్దం వాడని కొందరు, ఆ తరువాతి తరాల వాడని కొందరు పండితులు అభిప్రాయపడ్డారు. ఆ వివాదం మాట ఎలా ఉన్నా, అంకెలను గణాలలో బంధించడం కథను బంధించడం కన్నా కష్టమైన పని. కథలో ఒక విశేషణం అటూ ఇటూ అయినా రసం చెడదు. లెక్కలో ఒక్క మాట జారితే మొత్తం తప్పుతుంది.

మల్లన పేరున ప్రసిద్ధమైన ఒక చంపకమాల ఉంది. చదరంగపు పలకలోని మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, నాలుగో గడికి ఎనిమిది చొప్పున రెట్టిస్తూ అరవైనాలుగో గడి వరకు పోతే మొత్తం ఎంత అవుతుందో ఆ పద్యం చెబుతుంది. ఆ మొత్తం ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెల సంఖ్య. ఇప్పటి వ్యవహారంలో చదవాలంటే లక్షా ఎనభైనాలుగువేల నాలుగువందల అరవైయేడు కోట్ల కోట్లు అని, ఆపైన ఇంకా కొంత ఉన్నదని చెప్పుకోవాలి. మహావీరాచార్యునికి ఈ ఇబ్బంది లేదు. ఆయన ఏక స్థానం మొదలు మహాక్షోభం వరకు ఇరవైనాలుగు స్థానాలకు విడివిడిగా పేర్లు పెట్టాడు. ఆ వరుసలో ఈ సంఖ్య తొలి అంకె 'మహాశంఖ' స్థానంలో నిలుస్తుంది. ఆపైన ఇంకా నాలుగు స్థానాలు ఖాళీగానే మిగులుతాయి.

ఈ లెక్కకు ఒక కథ ఉంది. చదరంగాన్ని కనిపెట్టిన సిస్సా అనే పండితుణ్ణి రాజు మెచ్చి, ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. పలకలోని గడులకు రెట్టింపు చొప్పున గింజలు ఇప్పిస్తే చాలునన్నాడు పండితుడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. కథ భారతదేశంలో జరిగినట్లు పదమూడో శతాబ్దపు అరబ్బు రచయిత ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. అంతకు ముందే, సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ ఈ మొత్తాన్ని లెక్కగట్టాడు. చరిత్రగా నమ్మదగిన కథ కాదు కాని, లెక్క మాత్రం నిజం.

రాజు నవ్వడంలో తప్పు లేదు. గింజలను వడ్లుగా భావించి, వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుందాం. మొదటి వరుసలోని ఎనిమిది గడులకు కలిపి 255 గింజలు; గుప్పెడు కూడా కాదు. పలకలో సగం, అంటే ముప్పైరెండు గడులు, పూర్తయ్యేసరికి 4,29,49,67,295 గింజలు అవుతాయి. ఇవి సుమారు ఎనభైయారు టన్నులు. డెబ్బైయైదు కిలోల బస్తాలైతే 1,145. ఒక పెద్ద రైతు గాదెలలో పట్టే ధాన్యమే. రాజుకు అదేమంత లెక్క కాదు. అయితే అక్కడినుండి మిగిలిన ముప్పైరెండు గడులకు నడిస్తే మొత్తం 36,000 కోట్ల టన్నులు దాటుతుంది. ఇప్పుడు ప్రపంచమంతటా ఒక ఏడాదికి పండే వడ్లు సుమారు ఎనభై కోట్ల టన్నులు. ఆ లెక్కన నాలుగువందల ఏళ్ళకు పైగా లోకమంతా పండించిన పంటను ఆ ఒక్క పండితుని ఇంటికి తోలాలి.

ఇంత పెద్ద మొత్తాన్ని అరవైనాలుగు సంఖ్యలు వేసి కూడనక్కరలేదు. ఏ గడిలోనైనా ఉన్న గింజలు, దాని వెనుక ఉన్న గడులన్నింటి మొత్తం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. నాలుగో గడిలో ఎనిమిది. దాని వెనుక ఒకటి, రెండు, నాలుగు కలిస్తే ఏడు. కనుక అరవైనాలుగు గడుల మొత్తం కావాలంటే, లేని అరవైయైదో గడిని ఊహించి, అందులోని గింజలలో ఒకటి తీసివేస్తే చాలు. అంటే రెండును అరవైనాలుగు మార్లు గుణించి ఒకటి తగ్గించాలి. దీనికీ ఒక దగ్గరదారి ఉంది. రెండు వర్గం నాలుగు, నాలుగు వర్గం పదహారు, పదహారు వర్గం 256, దాని వర్గం 65,536, దాని వర్గం 4,29,49,67,296. ఈ చివరి సంఖ్యను మరొక్కసారి వర్గం చేస్తే పని అయిపోతుంది. ఆరు గుణకారాలు చాలు.

సాహిత్య విద్యార్థి గమనించవలసిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఈ దగ్గరదారి ఛందశ్శాస్త్రంలో పుట్టింది. ఒక్కొక్క అక్షరం గురువో లఘువో అవుతుంది కనుక, అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. మూడక్షరాలకు ఎనిమిది గణాలు: య, మ, త, ర, జ, భ, స, న. ఆరక్షరాల పాదం గల గాయత్రీ ఛందంలో వృత్తాలు అరవైనాలుగు. చదరంగపు గడులు ఎన్నో అన్ని. ఉత్పలమాలకు పాదంలో ఇరవై అక్షరాలు కనుక ఆ ఛందంలో 10,48,576 వృత్తాలకు చోటుంది. కవులు వాటిలో వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే వాడారు. ఇలా రెట్టించే సంఖ్యను త్వరగా రాబట్టడానికి క్రీస్తుపూర్వం వాడని భావించే పింగళుడు సూత్రం చెప్పాడు. అక్షరాల సంఖ్య సరి అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీసివేయాలి. తిరిగి వచ్చేటప్పుడు సగం చేసినచోట వర్గం కట్టాలి, ఒకటి తీసినచోట రెట్టించాలి. అరవైనాలుగును సగం చేస్తూ పోతే ఆరు మెట్లలో ఒకటికి వస్తుంది. పైన చేసిన ఆరు వర్గాలు అవే.

ఇక పద్యంలోకి వద్దాం. మల్లన అంకెల పేర్లు వరుసగా చెప్పలేదు, భూతసంఖ్యలు వాడాడు. లోకంలో ఒక్కటే ఉన్నది కనుక చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు ఐదు, తర్కాలు ఆరు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కనుక సున్న. ఈ మాటలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి కుడి నుండి ఎడమకు అంకెలుగా పేర్చుకోవాలి. మల్లన సంఖ్యలో ఒకటి మూడుసార్లు వస్తుంది. మూడు చోట్లా చంద్రుడే, మూడు వేర్వేరు పేర్లతో. ఏడు కూడా మూడుసార్లే. పర్వతానికి మూడు పర్యాయపదాలు పడ్డాయి. నాలుగు అనే అంకె నాలుగుసార్లు రాగా రెండు చోట్ల సముద్రం, ఒకచోట వేదం, ఒకచోట బ్రహ్మ ముఖాలు వచ్చాయి.

పర్యాయపదాలు అలంకారానికి రాలేదు. ఏడు అనే అంకెకు 'గిరి' అంటే రెండు లఘువులు. 'శైల' అంటే గురువు, లఘువు. 'భూధర' అంటే గురువు, రెండు లఘువులు. గణానికి ఏది సరిపోతే దానిని కవి ఎన్నుకొంటాడు. ఈ పద్యానికి ప్రాసాక్షరం 'ర'. దానికోసం మల్లన మొదటి పాదం చివర పర్వతాన్ని, రెండో పాదం చివర ఏనుగును నడిమికి విరిచి, వాటి రేఫలను తరువాతి పాదాలలో రెండో అక్షరాలుగా నిలిపాడు. ఇరవై అంకెలు రెండు పాదాలు దాటి మూడో పాదం తొలిమాటతో ముగుస్తాయి. కవితాగుణం ఏమీ లేదని ఇలాంటి పద్యాలను పక్కన పెట్టేవారు ఉన్నారు. అంకెల వరుసను మార్చే వీలు లేకుండా, యతిప్రాసలు తప్పకుండా చంపకమాల నడపడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూసినవారు ఆ మాట అనరు.

భూతసంఖ్యలలో ఒక చిక్కు ఉంది. సముద్రం అంటే సంకేతంలో నాలుగు. పురాణాలలో సముద్రాలు ఏడు. తాళపత్ర ప్రతికి టీక రాసేవాడు పద్యంలోని రెండో సముద్రాన్ని ఏడుగా పొరబడితే సంఖ్య మూడువందల కోట్ల కోట్లు పెరుగుతుంది. లేఖకుడు ఒక మాటకు బదులు గణానికి సరిపడే మరో మాట రాసినా అంతే. ఛందస్సు ఆ తప్పును పట్టలేదు. గణితం పట్టగలదు. రెండును రెట్టిస్తూ తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని వచ్చి మళ్ళీ మొదటికి వస్తాయి. ఆరు ఆరుగా అరవై పోగా మిగిలిన నాలుగో చోట శేషం 7. అందులోనుండి ఒకటి తీస్తే 6. కనుక మల్లన సంఖ్యను తొమ్మిదితో భాగించినప్పుడు ఆరు మిగలాలి. పద్యంలోని అంకెలన్నీ కూడితే 87. తొమ్మిది తొమ్మిదులు ఎనభైయొకటి పోగా ఆరే మిగిలింది. ఒక సముద్రాన్ని ఏడుగా తీసుకుంటే మొత్తం 90 అయి శేషం ఉండదు. రెండింటినీ ఏడుగా తీసుకుంటే 93 అయి మూడు మిగులుతుంది. రెండు పాఠాలూ చెల్లవు. అంకెలు తమలో తాము స్థానం మార్చుకుంటే మాత్రం ఈ పరీక్షకు దొరకవు. అప్పుడు ఆరు గుణకారాలూ చేసి చూసుకోవలసిందే. చేసి చూసినప్పుడు మల్లన పద్యం ఒక్క అంకె కూడా తప్పలేదని తేలుతుంది. కాగితం, కలం లేని కాలపు పద్యం అన్ని చేతులు మారి కూడా చెడకుండా నిలిచింది. కావ్యాలలో ఏ పాఠం కవిదో తేల్చడానికి పరిష్కర్తలు ఏళ్ళ తరబడి వాదించుకుంటారు; అంత నిశ్చయమైన తీర్పు వారికి దొరకదు.

ఈ సంఖ్యలో ఒక చమత్కారం కూడా ఉంది. రెండును రెట్టించి పుట్టిన సంఖ్యలో సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలన్నీ ఉన్నాయి. రెండు ఒక్కటే లేదు.

ఇప్పుడు గణితజ్ఞుల దృష్టితో ఈ సంఖ్య ఏ జాతికి చెందినదో చూద్దాం. చివర ఐదు ఉంది కనుక ఇది బేసి సంఖ్య, ఐదుతో భాగించబడుతుంది. అంకెల మొత్తం 87 కనుక మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. ఐదుతో ముగిసే వర్గసంఖ్య తప్పక 25తో ముగియాలి. ఇది 15తో ముగిసింది కనుక వర్గసంఖ్య కాదు. ప్రధాన సంఖ్య కాదని చెప్పడానికి మూడు, ఐదు చాలు. అయితే దీని పూర్తి కారణాంకాలు కనుక్కోవడం అంత తేలికగా జరగలేదు.

ఒక వర్గంలోనుండి ఒకటి తీస్తే వచ్చేది, మూలం కన్నా ఒకటి తక్కువైన సంఖ్యకు, ఒకటి ఎక్కువైన సంఖ్యకు లబ్ధం. పదహారులో ఒకటి తీస్తే పదిహేను. అది మూడు, ఐదుల లబ్ధం. మల్లన సంఖ్య ఆరు వర్గాల మెట్లమీద కూర్చున్నది కనుక ఈ సూత్రాన్ని మెట్టుకొకసారి ప్రయోగించవచ్చు. అప్పుడది 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. వీటిని ఫెర్మా సంఖ్యలు అంటారు. ఫ్రాన్సుకు చెందిన పియెర్ ద ఫెర్మా వృత్తిరీత్యా న్యాయవేత్త. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన 1640లో భావించాడు. మొదటి ఐదింటి విషయంలో ఆయన ఊహ నిజం. ఆరోదానిని పరీక్షించాలంటే చేతి గుణకారంతో ఎన్నో వేల భాగహారాలు చేయాలి. దాదాపు ఒక శతాబ్దం పాటు ఆ ఊహ అలాగే నిలిచింది.

1732లో లియొనార్డ్ ఆయిలర్ దానిని పడగొట్టాడు. ఆయన గుడ్డిగా భాగించుకుంటూ పోలేదు. ఆ ఆరో సంఖ్యకు ప్రధాన కారణాంకం ఉంటే, దానిని అరవైనాలుగుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలని ఆయన గ్రహించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు చాలా తక్కువ: 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే తాళం తెరుచుకుంది. 641ని 67,00,417తో గుణిస్తే 4,29,49,67,297 వస్తుంది. ఎందుకు వస్తుందో తరువాతి వారు భాగహారం లేకుండానే చూపారు. 641 రెండు విధాలుగా ఏర్పడుతుంది: 640కి ఒకటి కలిపినా వస్తుంది, 625కు 16 కలిపినా వస్తుంది. ఐదును 128తో గుణిస్తే 640. ఐదు నాలుగో ఘాతం 625. రెండు నాలుగో ఘాతం 16. 641తో భాగించేటప్పుడు 640ని ఋణ ఒకటిగాను, 625ను ఋణ పదహారుగాను తీసుకోవచ్చు. 640ని నాలుగో ఘాతానికి పెంచితే ఒకటి వస్తుంది. ఆ ఘాతంలో 625 ఒక భాగం, రెండు ఇరవైయెనిమిదో ఘాతం ఇంకొక భాగం. 625 బదులు ఋణ పదహారు వేస్తే రెండు ముప్పైరెండో ఘాతం ఋణ ఒకటికి సమానమవుతుంది. దానికి ఒకటి కలిపితే శేషం సున్న.

దీనితో మల్లన సంఖ్య పూర్తిగా విప్పుకుంది. దాని ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండుసార్లు రాలేదు. అందువల్ల ఏ వర్గసంఖ్యా, ఒకటి తప్ప, దీనిని భాగించదు. ఒక్కొక్క కారణాంకాన్ని తీసుకోవడమో మానడమో చేయవచ్చు కనుక భాజకాలు మొత్తం 128. గురులఘువుల లెక్కే మళ్ళీ ఇక్కడ కనిపిస్తుంది: ఏడక్షరాల పాదానికి ఎన్ని వృత్తాలో ఈ సంఖ్యకు అన్ని భాజకాలు. సంఖ్యను వదలి తక్కిన భాజకాలను కూడి చూసి, సంఖ్యకు సమానమైతే పరిపూర్ణమని, మించితే అధికమని, తగ్గితే న్యూనమని ప్రాచీన గ్రీకులు విభజించారు. ఆరు పరిపూర్ణం, ఒకటి, రెండు, మూడు కలిస్తే ఆరే. మల్లన సంఖ్య భాజకాల మొత్తం దానిలో పదింట ఏడు వంతులు మాత్రమే అవుతుంది. అంటే లోకంలోని ధాన్యమంతా మింగిన ఈ మహాసంఖ్య, గ్రీకుల వర్గీకరణలో న్యూన సంఖ్య.

రాజు అరవైయొకటో గడి దగ్గర చేయి ఆపి ఉంటే సంగతి వేరు. అప్పటికి మొత్తం 23,05,84,30,09,21,36,93,951. ఇది ప్రధాన సంఖ్య అని రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ 1883లో నిరూపించాడు. గడుల సంఖ్య ప్రధానం కాకపోతే మొత్తం ఎన్నటికీ ప్రధానం కాదు. గడుల సంఖ్య ప్రధానమైనా మొత్తం ప్రధానమవుతుందని నమ్మకం లేదు. పదకొండు గడుల మొత్తం 2,047. అది 23, 89ల లబ్ధం. ఈ జాతి ప్రధాన సంఖ్యలకు మెర్సెన్ పేరు పెట్టారు. 2024 అక్టోబరులో ప్రకటించిన ఇటువంటి ప్రధాన సంఖ్యలో అంకెలు 4,10,24,320. మల్లన పద్ధతిలో దానిని భూతసంఖ్యలలో చెప్పాలంటే ఎన్ని శతకాలు కావాలో ఊహించుకోవచ్చు.

సగం పలక మొత్తం, రాజు చిరునవ్వుతో ఇవ్వగలిగిన ఆ 4,29,49,67,295, మరొక చోట పెద్ద గౌరవం పొందింది. గుర్తులు లేని కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని జర్మనీకి చెందిన కార్ల్ ఫ్రీడ్రిచ్ గౌస్ పందొమ్మిదేళ్ళు నిండకముందే, 1796లో, కనుక్కొన్నాడు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. తెలిసినవి ఐదే: 3, 5, 17, 257, 65,537. ఆ ఐదింటి లబ్ధమే సగం పలక మొత్తం. ఇప్పటికి తెలిసినంతవరకు గీయదగిన బేసి భుజాల బహుభుజులలో అదే అతి పెద్దది. చూపుకు అది వృత్తమే.

1883లోనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ లూకా మూడు కడ్డీల ఆటబొమ్మ ఒకటి విడుదల చేశాడు. కాశీలోని ఒక ఆలయంలో అరవైనాలుగు బంగారు పళ్ళేలను అర్చకులు ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకి మారుస్తున్నారని, అది పూర్తయ్యేనాటికి లోకం అంతమవుతుందని కథ ప్రచారంలోకి వచ్చింది. ఇది కాశీలో పుట్టిన కథ కాదు. ఆ బొమ్మతో పాటు ఐరోపాలో పుట్టిన కల్పన. అయితే కావలసిన మార్పులు మల్లన సంఖ్యకు సరిగ్గా సమానం. క్షణానికి ఒక పళ్ళెం చొప్పున మార్చినా 58,000 కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది.

నేటి కంప్యూటరు ఒక సంఖ్యను సాధారణంగా అరవైనాలుగు ద్విసంఖ్యా స్థానాలలో దాచుకుంటుంది. ఒక్కొక్క స్థానంలో సున్న గాని ఒకటి గాని ఉంటుంది, గురులఘువుల వలె. అన్ని స్థానాలలోనూ ఒకట్లు నిండితే ఆ పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య, గుర్తు లేని పూర్ణసంఖ్యలలో, మల్లన సంఖ్యే. దానికి ఒకటి కలిపితే పెట్టె పొంగి సున్న అవుతుంది. చదరంగమాడే కంప్యూటరు ప్రోగ్రాములు ఈ అనుకూలతను బాగా వాడుకుంటాయి: గడికి ఒక స్థానం కేటాయించి, బంటు ఉన్న గడికి ఒకటి, లేని గడికి సున్న వేస్తాయి. పలకలోని అరవైనాలుగు గడులూ నిండినట్లు చెప్పాలంటే యంత్రం రాసుకునే సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615.

కఠిన పదాలకు అర్థాలు

గడి = చదరంగపు పలకలోని చదరం
గాదె = ధాన్యం నిలువచేసే కట్టడం
భూతసంఖ్య = వస్తువుల పేర్లతో అంకెలను సూచించే సంకేతం
రేఫ = 'ర' అనే అక్షరం
లేఖకుడు = గ్రంథానికి ప్రతి రాసేవాడు
పరిష్కర్త = ప్రతులను పోల్చి సరైన పాఠం నిర్ణయించే పండితుడు
భాజకం = నిశ్శేషంగా భాగించే సంఖ్య
లబ్ధం = గుణించగా వచ్చిన ఫలం

అభ్యాసం

1. మల్లన పద్యంలో సముద్రాన్ని నాలుగుగానే ఎందుకు గ్రహించాలో సకారణంగా వివరించండి.

2. ఛందశ్శాస్త్రానికి, రెట్టింపు లెక్కకు గల సంబంధాన్ని తెలపండి. శార్దూలవిక్రీడితానికి పాదంలో పందొమ్మిది అక్షరాలు. ఆ ఛందంలో ఎన్ని వృత్తాలు సాధ్యమో పింగళుని మార్గంలో లెక్కించండి.

3. ఫెర్మా ఊహను ఆయిలర్ ఏ విధంగా ఖండించాడు?

4. "లోకంలోని ధాన్యమంతా మింగిన ఈ మహాసంఖ్య, గ్రీకుల వర్గీకరణలో న్యూన సంఖ్య." సందర్భం తెలిపి వ్యాఖ్యానించండి.

5. మీరు పుట్టిన సంవత్సరాన్ని ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి భూతసంఖ్యలలో రాయండి. ఆ మాటలకు గురులఘువులు గుర్తించండి.